డెయిన్‌ట్రీ తల్లికి

డెయిన్‌ట్రీ వర్షారణ్యపు తల్లీ, నీ నదికి ఇక్కడ వంతెన లేదు. మొసళ్ళు మసిలే నీళ్ళ మీద, ఇనుప తాడు పట్టుకుని సాగే పంటు ఎక్కి నీ దగ్గరికి రావాలి. ఆస్ట్రేలియా ఈశాన్యపు అంచున, క్వీన్స్‌లాండ్‌లో, కొండ కొమ్ము నుంచి ఇసుక దాకా దిగి నిలబడ్డావు. కుకు యలంజి ప్రజలు కుల్కి అని పిలుచుకునే కేప్ ట్రిబ్యులేషన్ ఒడ్డున నీ కొమ్మలు ఉప్పుగాలికి ఊగుతాయి. ఆవల సముద్రంలో పగడపు దిబ్బలు, ఈవల నువ్వు. ఇద్దరికీ ప్రపంచ వారసత్వపు గుర్తింపు ఉంది. వాటికి 1981లో వచ్చింది, నీకు 1988లో.

నీ వయసు పది కోట్ల ఏళ్ళకు పైమాటే అంటారు. దక్షిణ ఖండాలన్నీ గోండ్వానాగా ఒక్కటై ఉన్ననాటి చెట్ల వంశాలు నీలో ఇంకా చిగురిస్తున్నాయి. మా తెలుగు నేల కూడా ఆ ఖండంలోని తునకే. అందుకే నీ ముందు నిలబడితే పరాయిదాన్నన్న భావం రాదు.

అంతరించిందనుకున్న చెట్టును 1971లో తిరిగి చూపించావు. పశువులు చచ్చిపోతుంటే పొట్ట కోసి చూశారు. లోపల ఆ ఇడియోస్పెర్మం చెట్టు గింజలు. శనగ గింజకు రెండే బద్దలు. దీనికి మూడు, నాలుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ! పైన గట్టి పెంకు కూడా లేదు. లోపలి విషమే దానికి కాపలా. దాని పువ్వు మీగడ రంగులో విచ్చుకుని, రోజులు గడిచేకొద్దీ ఎర్రబారుతుంది. ఎన్ని యుగాలు మారినా ఈ సింగారం మానలేదు కదా తల్లీ!

ఇక నీ కాసోవరీ పక్షి. నల్లటి ఈకలు, నీలి మెడ, నెత్తిన కొమ్ములాంటి కిరీటం. పండును నమలదు, గుటుక్కున మింగేస్తుంది. ఎక్కడో దూరాన అది వేసిన రెట్టకుప్పలో, సగం అరిగిన తొక్కల మధ్య నుంచి లేత మొలకలు తలెత్తుతాయి. గుడ్లు పొదిగేది, చారల పిల్లల్ని వెంటేసుకుని నెలల తరబడి సాకేది మగపక్షే. నీ తోటమాలి, నీ ఇంటి తండ్రి అతనే.

నీ గుండెలోంచి రోడ్డు వేయడానికి 1983లో బుల్డోజర్లు వచ్చినప్పుడు, మెడదాకా మట్టిలో పూడ్చుకుని అడ్డుపడ్డ మనుషులున్నారు. వాళ్ళకు దండం. రోడ్డు ఆగలేదు కానీ నీ కోసం లేచిన గొంతులూ ఆగలేదు. 2021 సెప్టెంబరులో నీ జాతీయ వనం తూర్పు కుకు యలంజి వారి చేతికి తిరిగి వచ్చింది. వేల ఏళ్ళుగా నీ ఏరుల్నీ నీ కాయల్నీ ఎరిగినవాళ్ళు వాళ్ళే.

వాళ్ళ చేతుల్లో చల్లగా ఉండు తల్లీ. రోడ్డు దాటే నీ కాసోవరీలు ఏ బండి కిందా పడకూడదు. నీ మలుపుల్లో ప్రతి డ్రైవరూ బ్రేకు మీద కాలుంచాలి, పిల్లలతో ఆ నల్లటి తండ్రి అవతలికి చేరేదాకా ఆగాలి.