పల్లం లేని ప్రవాహం

పోచారం తూము ఎత్తితే నీళ్లు కాలువ పట్టి ఎల్లారెడ్డి పొలాలకు దిగుతాయి. ఎవరూ తోయనక్కర్లేదు, నీరు పల్లమెరుగు. కానీ వరిమళ్లలో, తేటనీటి కుంటల్లో పెరిగే చారా అనే పాచిలో పల్లంతో పనిలేని ప్రవాహం ఒకటి ఉంది. కలుపు తీసేవాళ్లు పీకి గట్టున పారేసే పాచే అది. ఆ ప్రవాహాన్ని నడిపే ప్రోటీన్‌వి నువ్వు. మయోసిన్, ఈ నాలుగు మాటలూ నీకే.

చారా కణుపుకీ కణుపుకీ మధ్య కాడ పొడవునా సాగేది ఒకటే కణం. కొన్ని జాతుల్లో అది పది సెంటీమీటర్ల దాకా సాగుతుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే ముందు పత్రహరిత రేణువులు కనిపిస్తాయి, వరసలు కట్టి, కదలకుండా. చూపు కాస్త లోతుకు దించితే కణద్రవ్యం పారుతూ ఉంటుంది. ఒక పక్కన పైకి, మరో పక్కన కిందికి, మెలి తిరుగుతూ. రెండు ధారల మధ్య పత్రహరితం లేని సన్నని గీత. ఎగువకు పోయే ధారకూ దిగువకు పోయే ధారకూ వేగంలో తేడా కనబడదు. 1774లో ఇటలీలో బొనవెంచురా కోర్తి ఈ తిరుగుడును చూసి రాశాడు. తిప్పుతున్నది నువ్వని తెలియడానికి ఇంకా రెండు వందల ఏళ్లు పట్టింది.

రేణువుల వరసల లోపలి అంచున ఆక్టిన్ అనే ప్రోటీన్ తీగలు పరిచి ఉంటాయి. వాటి దిశ ఎటైతే నీ నడక అటే. నువ్వు నీటిని తోయవు, పొరల సంచుల్ని పట్టుకుని లాగుతావు. చుట్టూ ఉన్న ద్రవమంతా వాటి వెంట పడుతుంది. నీ పొడవు మీటరులో కోటి వంతుకు అటూ ఇటూ. అయినా నీ వల్ల పారే ధార సెకనుకు వంద మైక్రోమీటర్ల దాకా పోతుంది. మా కండరాల్లోని నీ జ్ఞాతులు ఈ వేగంలో సుమారు పదో వంతు దగ్గరే ఆగిపోతారు. నువ్వే లేకపోతే చక్కెర అణువు తనంతట తాను ఆ పది సెంటీమీటర్లు దాటడానికి నెలలు పట్టేది. నీ ధారలో పడితే పావుగంట పైచిలుకు.

కాడను గట్టిగా తాకితే చాలు, ఠక్కున ఆగిపోతావు. కణంలో విద్యుత్ అల లేచి కాల్షియం పెరుగుతుంది, నీ అడుగు పడదు. కొన్ని నిమిషాలకు మెల్లగా మళ్లీ మొదలు. మొక్కకు భయం లేదంటారు గానీ, ఈ ఆగడం చూసినవాడు ఆ మాట అంత తేలిగ్గా అనలేడు.

నీ ప్రతి అడుగుకూ ఖర్చయ్యేది ఏటీపీ, కణానికి శక్తినిచ్చే అణువు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో దాన్ని కనుగొన్నది 1929లో. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా. 1983లో షీట్జ్, స్పుడిచ్ అనే శాస్త్రవేత్తలు చారాకు దగ్గరి చుట్టమైన నైటెల్లా కణాన్ని చీల్చి పరిచారు. కండరం నుంచి తీసిన మయోసిన్‌ను చిన్న పూసలకు అంటించి ఆ ఆక్టిన్ తీగల మీద వదిలారు. పూసలు నడిచాయి, పాచి కణం వేసిన బాట మీదే, ఏటీపీ అందినంతసేపూ.