ఆలోచన చెవికెక్కాలంటే

క్యూబా రాజధాని హవానాలో ఎల్ ఫిగారో అనే చుట్టల ఫ్యాక్టరీ ఉండేది. 1865లో అక్కడి కార్మికులు ఒక కొత్త ఏర్పాటు చేసుకున్నారు. అందరూ బల్లల ముందు కూర్చుని చుట్టలు చుడుతుంటే ఒకరు పత్రికలు, పుస్తకాలు గట్టిగా చదివి వినిపించాలి. చదివేవారికి డబ్బు ఇచ్చేది యజమాని కాదు. వినేవాళ్లే తమ కూలిలోంచి తలా కొంత వేసుకునేవారు. ఈ పద్ధతి మిగతా ఫ్యాక్టరీలకూ పాకింది. ఏ పుస్తకం చదవాలో కార్మికులే తేల్చుకునేవారు. చదివింది నచ్చితే పొగాకు కోసే కత్తితో బల్ల మీద టకటకా కొట్టి మెచ్చుకునేవారు. మరుసటి ఏడాదే, అప్పట్లో క్యూబాను ఏలుతున్న స్పానిష్ ప్రభుత్వం దీన్ని నిషేధించింది. వలస వెళ్లిన కార్మికులతోపాటు ఈ ఆచారం అమెరికాలోని టాంపాకు చేరితే, 1931లో అక్కడి యజమానులూ ఆపించారు. అక్షరం రానివాళ్లు కూడా రాజకీయం, చరిత్ర విని చర్చించుకోవడం పెద్దలకు గుబులు పుట్టించింది. క్యూబా ఫ్యాక్టరీల్లో మాత్రం ఆ చదువు ఇప్పటికీ సాగుతోంది.

ఆడియో బుక్కులంటే తీరిక లేనివాళ్లు వెతుక్కున్న అడ్డదారి అని చిన్నచూపు చూసేవారికి నేను ఈ కార్మికుల సంగతే చెబుతాను. నేను వినేవాటిలో ఎక్కువ భాగం చరిత్ర, విజ్ఞానశాస్త్రం, సమాజం గురించినవి. నవలకు కథే బలం. చదివే గొంతు కాస్త తడబడినా తరువాత ఏమవుతుందన్న ఆత్రుత మనల్ని లాక్కుపోతుంది. వాదన చేసే పుస్తకానికి ఆ ఆసరా లేదు. రచయిత ఏది అంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఎదుటివాడి మాట ఎక్కడ ముగిసి తన జవాబు ఎక్కడ మొదలైంది, ఇవన్నీ గొంతే తేల్చి చెప్పాలి. అలా చెప్పగలిగితే ఆలోచింపజేసే పుస్తకానికి ఆడియో ఏ విధంగానూ తక్కువ రూపం కాదని నా నమ్మకం.

పురాణం చెప్పినవాళ్ల కిటుకు

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. పురాణ కాలక్షేపంలో పౌరాణికుడు పద్యాన్ని ముందు రాగయుక్తంగా చదువుతాడు. తరువాత పదాలు విడగొట్టి అర్థం చెబుతాడు. ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో గుర్తుచేసి గాని ముందుకు కదలడు. మర్నాడు మొదలుపెట్టేటప్పుడు నిన్న ఎక్కడ ఆపామో చెబుతాడు. భారతంలోని ధర్మసందేహాలు, రాజనీతి బడి ముఖం చూడనివాళ్ల దాకా చేరింది ఇలాగే. విన్నదాన్ని వెనక్కి తిప్పి చూసుకోవడానికి వినేవారి చేతిలో పేజీ ఉండదు. ఆ లోటు తీర్చడానికే ఈ విరామాలు, గుర్తుచేయడాలు పుట్టాయి.

ఆధునిక ఆడియో బుక్ పుట్టుకలోనూ అవసరమే కనిపిస్తుంది. మాటను పట్టి ఉంచే ఫోనోగ్రాఫ్ తయారుచేసిన ఎడిసన్, దాని ఉపయోగాలు రాస్తూ 1878లోనే చూపు లేనివారికి పుస్తకాలు వినిపించడాన్ని పేర్కొన్నాడు. అది నిజమవడానికి అర్ధ శతాబ్దం దాటింది. అమెరికాలో 1934లో మాట్లాడే పుస్తకాలు వచ్చాయి. రికార్డుకు ఒక పక్క సుమారు 15 నిమిషాలే పట్టేది కాబట్టి ఒక్క పుస్తకానికి రికార్డుల దొంతర కావలసి వచ్చేది. తొలి విడతలో బైబిల్ భాగాలు, షేక్‌స్పియర్ రచనలతోపాటు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం ఉన్నాయి. చూపు లేని పౌరుడికి మొట్టమొదట చేరవలసిన వాటిలో తన దేశ రాజ్యాంగం ఉందని వాళ్లు అనుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. క్యాసెట్లు, సీడీలు, ఫోన్లు తరువాతి కథ.

గొంతు చేసే పని

మంచి చదువరి మైకు ముందు కూర్చోకముందే పుస్తకం మొత్తం చదువుతాడు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, శాస్త్ర పదాలు ఎలా పలకాలో జాబితా రాసుకుంటాడు. ఇంగ్లీషు ఆడియోలో గంటకు సుమారు 9,300 మాటలు పడతాయని ఒక లెక్క. ఆ గంట వినబడటానికి స్టూడియోలో అంతకు రెండు మూడింతలు పడుతుంది. తప్పు పలికిన చోటికి వెళ్లి, ముందు వాక్యం విని, అదే స్థాయిలో అందుకుని మళ్లీ చదవాలి. అతుకు తెలియకూడదు.

అసలు కష్టం అచ్చులో ఉన్నదాన్ని గొంతులోకి దింపడంలో ఉంది. కుండలీకరణంలోని మాటకు గొంతు కొంచెం తగ్గాలి. ఉల్లేఖనకు స్వరం మారాలి కాని నాటకం కాకూడదు. ఇసాబెల్ విల్కర్సన్ రాసిన ‘కాస్ట్’ తీసుకోండి. 2020లో వచ్చిన ఈ పుస్తకం అమెరికా జాతి వివక్షను, మన దేశపు కులాన్ని, నాజీ జర్మనీని పక్కపక్కన పెట్టి చూస్తుంది. కులవ్యవస్థకు ఎనిమిది స్తంభాలు ఉన్నాయని చెప్పి ఒక్కొక్కటే వివరిస్తుంది. అచ్చులో అయితే వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. వినేటప్పుడు ప్రతి స్తంభం దగ్గరా గొంతు ఒక మెట్టు ఆగితేనే లెక్క నిలుస్తుంది. దాన్ని చదివిన రాబిన్ మైల్స్ ఆవేశం ఒలకబోయకుండా, తొందరపడకుండా చదివారు. అంత బాధాకరమైన విషయానికి ఆ నిగ్రహమే బలం.

రచయితే చదివితే మంచిదా? ఆత్మకథకైతే మంచిదే. ట్రెవర్ నోవా తన దక్షిణాఫ్రికా బాల్యం గురించి రాసిన ‘బార్న్ ఎ క్రైమ్’ను తానే చదివాడు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి జారుతూ ఆ పిల్లవాడు ఎలా నెగ్గుకొచ్చాడో ఆ గొంతులో తెలిసినంతగా కాగితం మీద తెలియదు. వాదన ప్రధానమైన పుస్తకానికి మాత్రం నా ఓటు శిక్షణ పొందిన చదువరికే. తనకు కంఠతా వచ్చిన విషయాన్ని రచయిత గబగబా చదివేసే ప్రమాదం ఉంది.

అన్ని పుస్తకాలూ చెవికి లొంగవు. మనిషి తీర్పులు ఎక్కడ తప్పుతాయో చెప్పే డేనియల్ కానెమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ కంటిని మోసగించే గీతల బొమ్మతో ఒక ముఖ్యమైన మాట చెబుతుంది. బొమ్మ చూడనివారికి ఆ మాట సగమే అందుతుంది. పట్టికలు, గ్రాఫుల మీద నిలబడిన పుస్తకాన్ని అచ్చులో చదవడమే న్యాయం.

వినేవారి సాధన

వింటే నిజంగా బుర్రకెక్కుతుందా అని పరిశోధకులూ పరీక్షించారు. లారా హిల్లెన్‌బ్రాండ్ రాసిన ‘అన్‌బ్రోకెన్’లోని భాగాలతో చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. చదివినవారికి, విన్నవారికి అవగాహనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. విద్యార్థులకు మనస్తత్వశాస్త్ర వ్యాసం ఇచ్చి చేసిన 2010 నాటి అధ్యయనంలో మాత్రం విన్నవారికి తక్కువ మార్కులు వచ్చాయి. మొదటిది ఒక సైనికుడి నిజజీవిత కథనం, రెండోది పాఠం. విషయం చిక్కబడేకొద్దీ వినేవారి శ్రద్ధ పెరగాలన్నదే ఈ రెండింటి నుంచి నేను తీసుకున్న పాఠం.

ఆ శ్రద్ధకు కొన్ని పద్ధతులున్నాయి. నడక, అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం లాంటి పనులు వినడానికి అనువైనవి. లెక్కలు చూసుకుంటూ, ఉత్తరాలకు జవాబులు రాస్తూ వింటే రెండూ చెడతాయి. వాదన చేసే పుస్తకాన్ని వేగం పెంచి వినకూడదు, ఎందుకంటే మనం ఆలోచించుకునేది మాటల మధ్య విరామాల్లోనే. మాట జారిపోయిందనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి జరపాలి. అధ్యాయం అయ్యాక ఆడియో ఆపి, రచయిత ఏమన్నాడో రెండు వాక్యాల్లో మనకు మనమే చెప్పుకోవాలి. చెప్పలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ వినాల్సిందే.

తెలుగులో ఆడియోగా కథలు, నవలలు, ప్రవచనాలు దొరికినంతగా ఇలాంటి పుస్తకాలు దొరకవు. మన దగ్గర సరుకు లేక కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో బయలుదేరి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఉంది. వీరేశలింగం ‘స్వీయ చరిత్రము’ ఉంది. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఉంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. 1953లో కన్నుమూసిన సురవరం వారి రచనలతో సహా ఇవన్నీ ఇప్పుడు ఎవరైనా చదివి రికార్డు చేయవచ్చు. 2005లో మొదలైన లిబ్రివాక్స్ అనే ఆడియో పుస్తకాల వెబ్‌సైట్‌లో ఇలాంటి పాత పుస్తకాలను స్వచ్ఛందంగా చదివేది మామూలు పాఠకులే.

పద్యాన్ని విరుపు తెలిసి చదవగల తెలుగు మాస్టార్లు, రేడియోలో పనిచేసి విరమించినవారు, గ్రంథాలయాలు, కళాశాలలు ఈ పనికి పూనుకోవాలి. సాంఘిక చరిత్రలో అడుగడుగునా కావ్యాల నుంచి ఆధారాలు వస్తాయి. వాటిని యంత్రం చదివితే చాలదు, అర్థం తెలిసిన మనిషి చదవాలి. చూపు లేని విద్యార్థికి, పొలంలో పనిచేసే రైతుకు, పరదేశంలో పెరుగుతూ తెలుగు విని అర్థం చేసుకోగలిగినా చదవలేని పిల్లలకు ఆ గొంతు చేరుతుంది. మీలో ఎవరికైనా స్పష్టమైన ఉచ్చారణ, వారానికి ఒక గంట ఉంటే, ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టండి.