ఆసర్ రచించిన 'ఆల్ఫ్రెడ్ జీవితచరిత్ర'లో రాజకుటుంబ స్త్రీలు: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో వైకింగుల దాడులను తట్టుకొని నిలిచిన ఆంగ్లోశాక్సన్ రాజ్యం వెసెక్స్. 871 నుండి 899 వరకు దానిని పాలించినవాడు ఆల్ఫ్రెడ్. ఆయన కొలువులో ఉన్న వేల్స్ దేశపు సన్యాసి ఆసర్ 893లో లాటిన్ భాషలో ఆయన జీవితచరిత్ర రచించాడు. యుద్ధాలు, విద్యాభిలాష, దైవభక్తి ఈ గ్రంథంలో ప్రధానాంశాలు. ఆల్ఫ్రెడ్ భార్య ఎల్‌స్విత్ పేరు మాత్రం ఇందులో ఒక్కచోట కూడా కనిపించదు. ఆ మౌనం స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పేరున్న తల్లి, పేరులేని భార్య

ఆల్ఫ్రెడ్ తల్లి ఓస్‌బర్ పేరును, వంశాన్ని ఆసర్ గ్రంథారంభంలోనే చెప్పాడు. ఆమె ఒక పద్యాల పుస్తకాన్ని చూపి, ముందుగా నేర్చుకున్నవారికే ఇస్తానని కొడుకులతో అనడం, చిన్నవాడైన ఆల్ఫ్రెడ్ దానిని గెలుచుకోవడం ప్రసిద్ధమైన ఘట్టం. 868లో జరిగిన ఆల్ఫ్రెడ్ వివాహాన్ని వర్ణిస్తూ వధువు తండ్రి ఎథెల్‌రెడ్ మూసిల్ అని, తల్లి ఎడ్‌బర్ అని పేర్కొన్నాడు. ఆ తల్లిని తాను స్వయంగా చూశానని, భర్త మరణానంతరం ఆమె ఏళ్ల తరబడి పవిత్రంగా జీవించిందని సాక్ష్యం పలికాడు. సంతానంలో ఎథెల్‌ఫ్లాడ్ మొదలుకొని ఐదుగురి పేర్లూ చెప్పాడు. వధువు తల్లిదండ్రులకు పేర్లున్నాయి, ఆమె బిడ్డలకూ ఉన్నాయి. నడుమనున్న ఆమెకే లేదు. కనుక ఇది తెలియక జరిగిన లోపం కాదు.

3. ఎడ్‌బర్ కథ

వెసెక్స్‌లో రాజు భార్యను రాణి అని పిలవరని, రాజు పక్కన సింహాసనంపై కూర్చోనివ్వరని ఆసర్ తెలిపాడు. అందుకు కారణమైన కథను ఆల్ఫ్రెడ్ నోటనే విన్నానన్నాడు. మెర్షియా రాజు ఒఫా కుమార్తె ఎడ్‌బర్ వెసెక్స్ రాజు బెయోర్ట్రిక్‌ను పెళ్లాడింది. రాజుకు ఇష్టుడైన ఒక యువకునికి ఆమె పెట్టిన విషాన్ని రాజు కూడా పుచ్చుకొని మరణించాడు. చివరకు ఆమె పావియా నగరంలో బిచ్చమెత్తుకుంటూ చనిపోయింది. ఒక స్త్రీ చేసిన నేరానికి తరువాతి రాజపత్నులందరూ శిక్ష అనుభవించారన్నమాట. ఆల్ఫ్రెడ్ తండ్రి ఎథెల్‌వుల్ఫ్ 856లో ఫ్రాంకుల రాజకుమార్తె జూడిత్‌ను పెళ్లాడి, ఈ ఆచారాన్ని పక్కనపెట్టి ఆమెను సింహాసనంపై కూర్చోబెట్టుకున్నాడు. ఆసర్ కూడా ఈ ఆచారం నింద్యమైనదనే భావించాడు.

ఆసర్ రచనలోని వైరుధ్యం ఇక్కడే బయటపడుతుంది. ఆచారం నిషేధించినది బిరుదును, ఆసనాన్ని, పేరును కాదు. ఆచారాన్ని నిందించిన రచయితే అది కోరినదానికంటే ఎక్కువగా దానికి లోబడ్డాడు. మరో విశేషం గమనించదగినది. విషం పెట్టిన రాణి పేరు, ఎల్‌స్విత్ తల్లి పేరు ఒక్కటే; ఇద్దరూ మెర్షియా రాజవంశీయులే. రాజు అత్తగారి శీలానికి ఆసర్ ప్రత్యేకంగా సాక్ష్యం పలకడానికి ఈ నామసామ్యం కారణమై ఉండవచ్చు. పాత కథ నీడ ఈ కుటుంబంపై పడకూడదన్న జాగ్రత్త ఆ వాక్యాల్లో ధ్వనిస్తుంది.

4. వీలునామా సాక్ష్యం

ఆల్ఫ్రెడ్ వీలునామా ఇందుకు భిన్నమైనది. పాత ఇంగ్లీషులో ఉన్న ఆ పత్రంలో ఆయన ఎల్‌స్విత్‌ను పేరుతో పేర్కొని లాంబర్న్, వాంటేజ్, ఎడింగ్టన్ భూములను ఆమెకు ఇచ్చాడు. ఆల్ఫ్రెడ్ జన్మస్థలం వాంటేజ్ అని చెప్పినవాడు ఆసరే. 878లో వైకింగులపై ఆల్ఫ్రెడ్ నిర్ణాయక విజయం సాధించిన చోటు ఎడింగ్టన్. తాను పుట్టిన ఊరిని, తన రాజ్యం నిలబడిన ఊరిని రాజు భార్య పేరిట రాశాడు. ఆ ఎంపికకు భూమి విలువే కారణం కావచ్చు. అయినా ఆమె పేరెత్తడం రాజగృహంలో నిషిద్ధం కాదని ఈ పత్రం స్పష్టం చేస్తున్నది.

5. ముగింపు

ఆసర్ గ్రంథానికి మిగిలిన ఒకే ఒక్క ప్రాచీన ప్రతి 1731లో అగ్నికి ఆహుతైంది. నేడు లభించే పాఠం అంతకుముందు తయారైన నకళ్లు, ముద్రణలపై ఆధారపడినది. కాబట్టి ఇందులోని మౌనాన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోరాదు. వీలునామాతో పోల్చినప్పుడు మాత్రం ఆ మౌనం రాజాజ్ఞ కాదని, రచయిత పాటించిన మర్యాద అని తేలుతుంది. ఎల్‌స్విత్ 902లో మరణించింది. ఆమె కుమార్తె ఎథెల్‌ఫ్లాడ్ 911 నుండి 918 వరకు మెర్షియాను స్వయంగా పాలించింది. ఆ పాలకురాలి తల్లి ఎవరో తెలుసుకోగోరే పాఠకుడు జీవితచరిత్రను వదిలి భూముల పంపకపు పత్రాన్ని చూడవలసి వస్తున్నది.