జాబితాలోని ఖాళీలు

ప్రకృతి పరిశీలకులలో ఒక సరదా వ్యాపించి ఉన్నది. ఏడాదిలో ఇన్ని జాతుల పక్షులను చూచి తీరవలెనని తమకు తామే పందెం వేసుకుంటారు. చూచిన పేరునల్లా జాబితాలో చేరుస్తారు, అంకె పెరిగినకొద్దీ సంతోషిస్తారు. అమెరికాలో, ఇంగ్లండులో ఇది పాత ఆట. ఇప్పుడు తెలుగు విద్యార్థులకూ పరిచయమైనది. పిల్లలను పుస్తకం ముందునుంచి పొలంగట్టు మీదికి రప్పించే ఏ ఆటనైనా తప్పు పట్టడం న్యాయం కాదు. అయితే ఈ పందెం వల్ల శాస్త్రానికి కలిగే లాభమెంత అన్నది వేరే ప్రశ్న.

గూడబాతు పేరు తన జాబితాలో లేనివాడు ఏం చేస్తాడు? తిన్నగా కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకకు పోతాడు. అక్కడ గూడబాతులున్న సంగతి అందరికీ తెలుసు. అతని జాబితా ఒక పేరు పెరిగినది. కృష్ణా డెల్టాను గురించిన జ్ఞానం మాత్రం ఉన్నచోటనే ఉన్నది. అతడు నింపినది తన ఖాళీని, ప్రదేశపు ఖాళీని కాదు.

ఈ రెండింటికీ గల భేదం తెలియాలంటే ప్రాంతీయ జాబితాలను పేర్ల పట్టికలుగా కాక, వ్రాసినవారి దినచర్యగా చదవాలి. పరిశీలకుడు సాధారణంగా శీతకాలంలో, సెలవురోజున, ఉదయంపూట, దారి బాగున్న చోటికి వెళ్తాడు. ఉత్తరదేశాలనుంచి బాతులు, ఉల్లంకులు వచ్చేది అప్పుడే గనుక అందులో తప్పేమీ లేదు. కాని ఆ దినచర్యలో లేనిదేదీ జాబితాలోకీ ఎక్కదు. గుడివాడ చుట్టుపట్ల వరిచేలలో నాట్లు పడే ఆషాఢ శ్రావణాల్లో, గట్టు మీద కాలు జారే రోజుల్లో, అక్కడికి పోయేవారు అరుదు. గిజిగాడు తాటాకుల చివర గూడు అల్లేది ఆ వానల్లోనే. మగపక్షి తలకు పచ్చని రంగు వచ్చేదీ అప్పుడే. శీతకాలపు జాబితాలో ఆ పక్షి పేరైతే ఉంటుంది, దాని సంసారం ఉండదు. కోయిల సంగతి ఇంకా చిత్రం. చలికాలంలో అది కూయదు, కనుక ఊళ్ళోనే ఉన్నా లెక్కకు రాదు.

రాత్రి అనే ఖాళీ ఇంతకంటె పెద్దది. దివిసీమ మడ అడవులకు ప్రసిద్ధమైన జంతువు బావురుపిల్లి. చేపలు పట్టి తినే ఈ పిల్లి చీకటి పడిన తరువాతనే ఎక్కువగా తిరుగుతుంది. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యంలో దాని ఉనికికి బలమైన సాక్ష్యమిచ్చినవి రాత్రివేళ వాటంతట అవే బొమ్మ తీసే కెమెరాలు. హంసలదీవి దగ్గరి ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ రాత్రిపూటనే. పగటి సందర్శకునికి కనిపించేది, గాలి చెరిపివేయకపోతే, వాటి జాడ మాత్రమే.

పూర్వపు సర్వేలు కూడ ఇటువంటి ఖాళీనే మిగిల్చినవి. 1929-30లో జరిగిన వెర్నే సర్వే తూర్పు కనుమలకోసం ఉద్దేశింపబడినది. 1931లో సాలిం అలీ ప్రారంభించిన సర్వే హైదరాబాదు సంస్థానానిది. కొండలకు ఒకటి, పీఠభూమికి ఒకటి. కాలువలు పారే ఈ పల్లపు భూమి రెంటికీ గురి కాలేదు. వరిచేలో వింత ఏముంటుందన్న భావం నేటికీ పోలేదు.

ఖాళీని సరిగా నింపడం ఎట్లాగో చూపే ఉదాహరణ దగ్గరలోనే ఉన్నది. 1902లో రీనియస్ అనే ఆయన కడప జిల్లా బుచ్చుపల్లె వద్ద గూడబాతుల గూళ్ళను చూచినాడు. అటు తరువాత అవి అక్కడ మళ్ళీ కనిపించలేదు. గూడబాతులు కనబడుతూనే ఉన్నా, అవి ఎక్కడ పిల్లలను పెంచుతున్నవో పక్షిశాస్త్ర గ్రంథాలకు తెలియదు. 1946లో కె. కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో ఆ గూళ్ళను కనుగొని, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో ప్రకటించినాడు. అప్పటికాయనకు ఇరవైమూడేళ్ళు, తరువాత ఇంగ్లీషు అధ్యాపకుడైనాడు. ఊరివారి తలల మీదుగా రోజూ ఎగిరే పక్షులు శాస్త్రానికి నలభైనాలుగేళ్ళు కనిపించలేదన్నమాట! 1970లలో ఆ గూళ్ళు లేకుండా పోయినవి. పోయినవని చెప్పగలుగుతున్నది 1946 నాటి వ్రాత ఉన్నందువల్లనే. వరిచేలు చేపల చెరువులుగా మారినచోట్ల, మార్పుకు ముందటి వ్రాత లేకపోతే, ఏ పిట్ట తగ్గినదన్న మాటకైనా సాక్ష్యం దొరకదు.

పందెంలో ఒక ప్రమాదం కూడ ఉన్నది. ఖాళీ కనిపించగానే దాన్ని ఏదో ఒకదానితో పూడ్చాలన్న ఆత్రం పుడుతుంది. దూరాన ఎగిరిన బూడిదరంగు పిట్టకు కావలసిన పేరు తగిలించడం ఎంతసేపు? ఇందుకు పరాకాష్ఠ రిచర్డ్ మైనెర్ట్‌జాగన్ అనే ఆంగ్ల సైనికాధికారి కథ. మధ్యభారతపు చిన్న గుడ్లగూబ ఒకటి 1884 తరువాత ఎవరికీ చిక్కలేదు. 1914లో గుజరాతులో దాన్ని తాను సేకరించినట్లు ఆయన చీటీ కట్టిన నమూనా ఒకటి ఉండేది. అది మ్యూజియంనుంచి దొంగిలించి, తిరిగి కుట్టి, చీటీ మార్చిన పాత నమూనా అని పమేలా రాస్ముసెన్ పరిశోధనలో తేలింది. ఆ చీటీని పక్కన పెట్టి, నిజమైన పాత నమూనాలు దొరికిన చోట్లను అనుసరించి వెదకగా, 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా సమీపాన ఆ పక్షి కనిపించింది. ఖాళీగా ఉన్న గడి ఎవరినీ మోసగించదు. అబద్ధంతో నిండిన గడి వెదికేవారిని వేరే ఊరికి పంపుతుంది.

మరి ఎటువంటి పందెం వేసుకోవాలి? కేరళలో 2015 నుంచి 2020 వరకు వేయిమందికి పైగా ఔత్సాహికులు కలిసి పక్షి పటం తయారుచేసినారు. రాష్ట్రాన్ని చిన్న గళ్ళుగా విభజించి, ఎంచుకున్న ప్రతి గడికీ వానకాలంలో ఒకసారి, ఎండకాలంలో ఒకసారి వెళ్ళినారు. గడి అందంగా ఉన్నదా లేదా అన్న ప్రశ్నే లేదు. అంత సైన్యం లేని గుడివాడ విద్యార్థి తన ఊరి కాలువగట్టునే ఒక మైలు ఎంచుకొని, పన్నెండు నెలలూ నెలకు రెండుసార్లు నడవవచ్చును. బందరు విద్యార్థికి మంగినపూడి ఇసుక కంటె దాని వెనుక బురదనేల ఎక్కువ పని ఇస్తుంది. రాత్రి పరిశీలన పెద్దల తోడులేనిదే తగదు. మడ అడవిలోకి అటవీశాఖ అనుమతి కావాలి.

నోటు పుస్తకంలో తేదీ, వేళ, నడిచిన దూరం, చేనుకు నీరు పెట్టినారా, కోత అయినదా అన్నది వ్రాయాలి. ఏమీ కనబడని రోజున సున్న వేయాలి. సందేహమున్న పక్షి పక్కన ప్రశ్నార్థకం ఉంచాలి. దానికి మార్కులు తగ్గించే ఉపాధ్యాయుడు, మరుసటి వారం ఆ ప్రశ్నార్థకం ఒక పేరుగా మారి వస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.