మగ్గం ఎక్కకముందే సగం చీర

భూదాన్ పోచంపల్లికి చీరలు కొనడానికి వెళ్లేవాళ్లలో చాలామంది రెండు పనులు చేస్తారు. మెయిన్ రోడ్డు మీద వరసగా ఉన్న షాపుల్లో నాలుగైదు ఎక్కి దిగుతారు. తర్వాత ఎవరో ఒకరింట్లో గుంత మగ్గం ముందు నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుంటారు. నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే, మగ్గం టకటకలాడుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఈ చీర ఇంత ధర ఎందుకు పలుకుతోందన్న ప్రశ్నకు జవాబు ఆ మగ్గం దగ్గర దొరకదు. ఆ ఇంట్లోనే మగ్గం లేని గదిలో, గోడవారన ఒకావిడ కూర్చుని చేసే పనిలో దొరుకుతుంది. అక్కడ వీడియో తీసేవాళ్లు తక్కువ. చప్పుడు ఉండదు, రంగు ఉండదు, చూసేవాళ్లకు ఏం జరుగుతోందో ఒకపట్టాన అర్థం కాదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్లి ఎడమకు తిరిగితే ఊరు యాభై కిలోమీటర్ల లోపే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడ భూమిలేనివాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. పేరు ముందు భూదాన్ చేరింది అందుకే. వినోబా దిగిన ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఈ ఊరిని ఎంచుకుంది. అప్పటినుంచి సెలవు రోజుల్లో వచ్చే కార్లు ఎక్కువయ్యాయి. వచ్చినవాళ్లు చూసేదీ, అడిగేదీ మాత్రం పెద్దగా మారినట్టు లేదు.

గోడవారన ఆవిడ చేస్తున్నది ఆసు పోయడం. ఒకవైపు విల్లులా వంగిన వరసలో మేకులు, ఎదురుగా ఒంటరిగా ఒక్క మేకు. పోగును ఆ ఒక్క మేకుకు చుట్టి అటువైపు ఒక మేకుకు తగిలించాలి, మళ్లీ వెనక్కి రావాలి, పక్క మేకుకు పోవాలి. చెయ్యి అలా పోతూ వస్తూనే ఉంటుంది. ఒక్కో మేకు మీద ఎన్ని పోగులు పడాలో డిజైన్‌ని బట్టి లెక్క. ఆ లెక్క ఎక్కడా రాసుకోరు. నేనేదో అడగబోతే పెద్దావిడ చెయ్యి ఆపకుండానే, "మాటల వడితే లెక్క తప్పుతది బిడ్డా, జర ఆగు" అంది. వరస పూర్తయ్యాకే తలెత్తింది.

ఇంత తిప్పలు ఎందుకంటే, చీరలో అడ్డంగా పోయే పేక అంతా కండె మీద చుట్టిన పొడుగాటి పోగు. నేస్తున్నప్పుడు అది ఈ అంచు నుంచి ఆ అంచుకూ, ఆ అంచు నుంచి ఈ అంచుకూ తిరుగుతుంది. ఆసు మీద ఆ తిరగడమంతా ముందే జరిగిపోతుంది. ఒంటరి మేకు నుంచి ఎదుటి మేకులన్నీ సమాన దూరంలో ఉంటాయి, వరస వంకరగా ఉండటానికి కారణం అదే. ఆ దూరం చీర పన్నాను బట్టి ఉంటుంది. అంటే ఇంకా నేయని చీరలోని పేకపోగులన్నీ పక్కపక్కన సర్దుకుని నిలబడతాయి. బట్ట పుట్టకముందే దాని మీద బొమ్మ గీసుకోవచ్చన్నమాట. మొదటిసారి ఈ సంగతి బుర్రకెక్కినప్పుడు, దీన్ని మొట్టమొదట ఆలోచించిన మనిషి ఎవరై ఉంటారా అని నేను చాలాసేపు ఆ మేకులకేసి చూస్తూ ఉండిపోయాను.

చేత్తో ఆసు పోయాలంటే ఒక చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. భుజం కీళ్లు అరిగేది ఇక్కడే. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి పడుతున్న ఆ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది. ఆయన మార్చింది మగ్గాన్ని కాదు. నేత జోలికి పోకుండా, నేతకు ముందున్న పనిని మాత్రమే యంత్రానికి అప్పగించారు. చేనేతలో యంత్రం ఎంతవరకు ఉండొచ్చు అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ గీత గుర్తొస్తుంది. ఇంతకన్నా సరైన చోట గీయడం కష్టం.

ఆసు అయ్యాక పోగులను బిగించి పట్టి, గ్రాఫ్ కాగితం మీదున్న డిజైన్ చూసుకుంటూ గుర్తులు పెడతారు. ఆపైన చిటికి కట్టడం. పాత సైకిల్ ట్యూబులను సన్నటి పీలికలుగా కోసి, రంగు ఎక్కకూడని చోటల్లా పోగుల గుంపును గట్టిగా చుట్టేస్తారు. తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు ఉన్న డిజైన్ అనుకోండి. ముందు తెల్లగా ఉండాల్సిన చోట్లన్నీ కట్టి పసుపులో ముంచుతారు. ఆరాక పసుపు నిలవాల్సిన చోట్లు కట్టి ఎరుపులో ముంచుతారు. ఆ తర్వాత ఎరుపు నిలవాల్సిన చోట్లు కట్టి నలుపులో. లేత రంగు నుంచి ముదురుకు పోవడమేగానీ వెనక్కి రావడం ఉండదు. రంగు పెరిగిన ప్రతిసారీ కట్టడం, ముంచడం, ఆరబెట్టడం ఇంకో విడత. అన్నీ అయ్యాక పీలికలు కోసి తీసేసి, పోగును విప్పి కండెలకు చుట్టాలి. ఏ కండె తర్వాత ఏది అన్న వరస తప్పితే ఏనుగు కాళ్లు వీపు మీద మొలుస్తాయి.

ఇది ఒక్క పేక సంగతి. పడుగుకు చిటికి కట్టాలంటే పోగుల్ని పొడవునా సాగదీసి, అదే వరస మళ్లీ మొదటినుంచి. ఒక పడుగు మీద ఒకే చీర నేయరు, వరసగా కొన్ని నేస్తారు. అందుకే ఎవరైనా షాపులో "ఇట్లాంటి పీసు ఇంకోటి లేదు" అంటే నవ్వి ఊరుకోండి, దాని అక్కచెల్లెళ్లు ఎక్కడో ఉండే ఉంటాయి. ఇలా చిటికి కట్టి రంగేసిన పోగుతో నేసిందే ఇకత్. పడుగూ పేకా రెండూ చిటికి కట్టినవైతే అది డబుల్ ఇకత్. నిలువు పోగు మీది ఎరుపూ అడ్డపోగు మీది ఎరుపూ మగ్గం మీద సరిగ్గా ఒకదాని మీదికి ఇంకోటి రావాలి. పోగు వేసిన ప్రతిసారీ నేతగాడు ఆగి, సూదితోనో వేలితోనో జరిపి సర్దుకోవాలి. ప్రపంచంలో ఈ పని చేసే చోట్లు బాగా తక్కువ. గుజరాత్‌లో పటోలా నేసే పాటన్, ఇండోనేషియాలో బాలి దీవిలోని తెంగనాన్, జపాన్‌లో కొన్ని ఊళ్లు, మన పక్కనే పుట్టపాక.

ఇక బజారులోకి వద్దాం. ఇకత్ ఎంత బాగా కట్టినా బొమ్మ అంచు కత్తితో కోసినట్టు ఉండదు. కట్టు కింద నుంచి రంగు కాస్త పాకుతుంది, పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. తడి కాగితం మీద సిరా గీతలా అంచు కొద్దిగా చెదురుతుంది. ఒక షాపులో నా పక్కనే ఒకావిడ పల్లూ పరచి చూసి, "ప్రింటు సరిగ్గా పడలేదు, ఇంకోటి చూపించు" అంది. గల్లా దగ్గరున్నతను, "ప్రింటయితే కరెక్టుగనే పడుతుండె అక్కా, ఇది కట్టింది" అన్నాడు. ఆవిడ నమ్మినట్టు లేదు. లోపమనుకుని ఆవిడ పక్కన పెట్టిన ఆ చెదురే అసలు సరుకుకు సాక్ష్యం. ప్రింటు వేసేవాడు ఆ చెదురును కూడా అచ్చుగుద్దేయగలడు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. బట్టను తిప్పి చూడండి. రంగేసిన పోగుతో నేసింది కాబట్టి వెనకా ముందూ తేడా ఉండకూడదు. ఇంకా అనుమానంగా ఉంటే చీర కొసన వదులుగా వేలాడే పోగుల్లో ఒకదాన్ని తీసి మెలి విప్పండి. ఇకత్ పోగైతే రంగు లోపలిదాకా ఉంటుంది, ఒకే పోగు మీద ఒక రంగు ఆగి ఇంకోటి మొదలవుతుంది. పైపైన వేసిన ప్రింటైతే లోపల వెలవెలబోతుంది.

చెదురు ఇంకో సంగతి కూడా చెబుతుంది. అది చీర పొడవు దిక్కుగా పాకితే చిటికి కట్టింది పడుగుకు, అడ్డంగా పాకితే పేకకు. రెండు వైపులా కొద్దికొద్దిగా ఉంటే రెండిటికీ కట్టారని. "డబుల్ ఇకత్" అని చెప్పి పేకకు మాత్రమే కట్టిన చీరను చేతిలో పెడుతుంటే ఈ ఒక్క గుర్తు చాలు. షాపువాళ్లంతా మోసగాళ్లని నా ఉద్దేశం కాదు. అడిగితే తెలిసినవాళ్లు తెరిచి చూపిస్తారు, ఏది సికో (పట్టూ నూలూ కలిపింది), ఏది పట్టు, ఏది మిల్లు సరుకు అన్నది దాచరు. అడగనివాళ్లకు ఎవరూ పనిగట్టుకుని చెప్పరు, అంతే.

గుర్తింపు చీటీల్లోనూ ఒక తిరకాసుంది. సిల్క్ మార్క్ ఉంటే పోగు పట్టుదని అర్థం, చేత్తో నేశారని కాదు. చేత్తో నేశారని చెప్పేది హ్యాండ్‌లూమ్ మార్క్. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి వాటిలో ఇదీ ఒకటి. కొన్ని రకాల బట్టలు మరమగ్గాల మీద నేయకూడదని 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టమూ ఉంది. మొదట 22 రకాలతో మొదలైన ఆ జాబితా 11కు తగ్గింది. ఇన్ని ఉన్నా "పోచంపల్లి డిజైన్" పేరుతో మిల్లు ప్రింట్లు హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ దాకా వచ్చేశాయి. చౌకగా దొరికేవి కొనుక్కోవద్దనను. అదేమిటో తెలిసి కొనుక్కుంటే చాలు.

బేరం మాటకొస్తే, సహకార సంఘం షాపులో ధర ధరే. మిగతా షాపుల్లో ఆడితే ఎంతో కొంత తగ్గుతుంది. నాకు ఇబ్బందిగా ఉండేది బేరం కాదు, దాని వెనకున్న లెక్క. ఇక్కడ చాలా ఇళ్లలో మాస్టర్ వీవర్ నూలూ డిజైనూ ఇస్తాడు, నేసినందుకు కూలీ కట్టి చీర తీసుకుపోతాడు. ఆ కూలీ మగ్గం మీద కూర్చున్న మనిషి పేరున పడుతుంది. ఆసు పోసిన ఆవిడ, కండెలు చుట్టిన అత్త, చిటికి కట్టిన ఆడబిడ్డ ఆ లెక్కలో తరచుగా విడిగా కనబడరు. ఇంటి పనిలో కలిసిపోతారు. డిజైన్ ఎంత కష్టమైనదైతే మగ్గానికి ముందు పని అంత పెరుగుతుంది, లెక్కలో చేరని కష్టమూ అంతే పెరుగుతుంది. కొనేవాళ్లు మగ్గం ముందు ఫోటో దిగి "ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగినప్పుడు చెప్పే జవాబు కూడా సాధారణంగా నేతకు పట్టిన రోజులే. ముందు పనితో కలిపి అడిగి చూడండి, అంకె మారుతుంది.

వీలుంటే ఇంకో పూట మిగుల్చుకుని హైవేకి అటువైపు సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాకకు పోవాలి. 2011లో పద్మశ్రీ అందుకున్న నేతగాడు గజం గోవర్ధన ఊరిది. ఇక్కడి తేలియా రుమాలుకు 2020లో విడిగా భౌగోళిక గుర్తింపు దక్కింది. దీని మూలం చీరాలలో ఉంది. ఒకప్పుడు చీరాల నుంచి ఈ చౌకాలు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఓడల్లో వెళ్లేవి, మన దగ్గర పశువుల కాపరులూ జాలరులూ వాడుకునేవారు. నేర్పు మెల్లగా నల్లగొండ వైపు పాకింది. అక్కడ తగ్గిపోయింది, ఇక్కడ నిలబడింది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. ఆ మూడింటితోనే గళ్లలో నక్షత్రాలూ, ఏనుగులూ, కొత్తమోజు వచ్చిన కాలంలో గడియారాలూ, విమానాలూ, గ్రామఫోన్లూ కూడా నేశారు. అరబ్బు దేశంలో ఎవరో పెద్దమనిషి తల మీద చీరాల విమానం ఎక్కి తిరిగి ఉంటుందని తలుచుకుంటే నవ్వొస్తుంది.

తేలియా పేరులోనే నూనె ఉంది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద కలిపిన నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెడుతూ, పిసుకుతూ, ఎండబెడుతూ ఉంటారు. అప్పుడుగానీ ఎరుపు లోతుగా పట్టదు. పాత పద్ధతిలో చేసిన రుమాలు చేతిలోకి తీసుకుంటే మెత్తగా, బరువుగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన తెలుస్తుంది. కొత్తవాళ్లు బట్ట పాతదేమో, తడిసిందేమో అనుకుంటారు. ఇప్పుడు తేలియా డిజైన్లతో వచ్చే చీరలూ దుపట్టాలూ అన్నీ ఆ నూనె పద్ధతిలో చేసినవి కావు. మామూలు రసాయన రంగులతో అదే డిజైన్ వేసినవే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు, ధర ఆ మేరకు ఉన్నంతవరకు. తిరుగు దారిలో చౌటుప్పల్ దగ్గర కొయ్యలగూడెంలో నూలు ఇకత్ దుప్పట్లు దొరుకుతాయి. చీరల ధరలు చూసి వెనక్కి తగ్గినవాళ్లకు ఆ ఊరు మంచి ఓదార్పు.

షాపులో చీర నచ్చి రంగు నచ్చకపోతే ఆర్డర్ ఇవ్వొచ్చు, కానీ "ఇదే చీర, ఈ ఎరుపు చోట కాస్త ఆకుపచ్చ" అని తేలిగ్గా అనేయకండి. దర్జీకి బటన్లు మార్చమన్నంత చిన్న పని కాదది. ఆకుపచ్చ ఎరుపుకన్నా లేతదా ముదురుదా అన్నదాన్ని బట్టి ఏది ముందు కట్టాలి, దేంట్లో ముందు ముంచాలి అన్న వరసంతా తిరగబడుతుంది. ఆసు దగ్గర్నుంచి మళ్లీ మొదలు. గడువు వారాల్లో కాదు, నెలల్లో చెబుతారు. ఒప్పుకుంటే కొంత ముందే కట్టి, డిజైన్ కాగితం మీద రంగులు దగ్గరుండి రాయించుకుని రండి.