గొట్టం ఇంకా ఎందుకు?

సూరత్ అనగానే మనవాళ్లకు చీరలు గుర్తొస్తాయి. నాకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గుర్తొస్తుంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు అన్న మాట పుట్టగానే లక్షల మంది రైళ్లెక్కారు. మరమగ్గాల మీద బతికే వలస కూలీల కాలనీలు ఖాళీ అయ్యాయి. మందుల షాపుల్లో ఆ క్యాప్సూల్స్ నిండుకున్నాయి. జబ్బు ఉన్నవాళ్లూ మింగారు, లేనివాళ్లూ మింగారు. చాలామంది ప్రైవేటు డాక్టర్లు క్లినిక్‌లకు తాళాలేసి వెళ్లిపోయారు.

రోగుల ప్రాణాలు నిలబెట్టింది ఆ మందే, కాదనను. ఊరిని మార్చింది మాత్రం చీపురు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లో తిప్పారు. రాత్రిళ్లు రోడ్లు ఊడ్పించారు, చెత్త వేసినవాళ్లకు జరిమానా వేశారు. రెండేళ్లు తిరిగేసరికి చండీగఢ్ తర్వాత దేశంలో అత్యంత శుభ్రమైన నగరంగా సూరత్ పేరు తెచ్చుకుంది.

ఆస్పత్రి వార్డులో పనిచేసే నాకు ఈ కథ మీద కాస్త అసూయ. మా దగ్గరా కొత్త మందుకున్న గౌరవం సబ్బుకు లేదు. రోగిని తాకే ముందు, తాకాక, చివరికి మంచం పట్టీ ముట్టుకున్నాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాలి. ఆఖరిది అందరూ మరిచిపోతారు. చేతికి ఆల్కహాల్ ద్రావణం రాసుకుంటే ఇరవై, ముప్పై సెకన్లు రుద్దాలి. బొటనవేలూ గోళ్ల చివరలూ ఎప్పుడూ తప్పించుకుంటాయి. ఉంగరం కింద చేరిన క్రిమి అక్కడే కాపురం పెడుతుంది. ఒక్క నర్సుకు అంతమంది రోగుల్ని అప్పగించి, కుళాయేమో వరండా చివర పెట్టి, ఆమెను తప్పు పట్టడం నాకు నచ్చదు.

రౌండ్స్‌లో నేను వేసే ప్రశ్న ఒక్కటే: ఈ మూత్రపు గొట్టం ఇంకా ఎందుకు ఉంచాం? అవసరం తీరాక ఉన్న ప్రతి గొట్టమూ క్రిములకు దారే. కార్బాపెనెమ్ లాంటి బలమైన యాంటీబయాటిక్‌కూ లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా చేరిందంటే, చాలాసార్లు మిగిలేది కిడ్నీలను దెబ్బతీసే పాత మందు కొలిస్టిన్. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా బలితీసుకున్నవాళ్లు ప్రపంచమంతా కలిపి దాదాపు 12 లక్షల 70 వేలమందని అంచనా.

మీ వంతుగా, మందుల అట్ట మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకండి. జలుబుకు యాంటీబయాటిక్ రాయమని డాక్టరును పీడించకండి. చుట్టాన్ని చూడడానికి వార్డుకు వెళితే మంచం మీద కూర్చోకండి.