గ్యాస్ అడిగేవాళ్లే అందరూ, ఆయిల్ అడిగేవాళ్లేరి?

మార్చి సగం గడిచేసరికి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య కార్ ఏసీ షాపులకు ఊపిరాడదు. చైతన్యపురి మెట్రో స్టేషన్ కింద ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు కారులో చల్లగాలి ఆగితే ఆ ఉక్క ఎలా ఉంటుందో ఈ దారిన తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. షాపు ముందు ఆపగానే అందరి నోటా ఒకటే మాట: ‘అన్నా, కూలింగ్ వస్తలేదు, జర గ్యాస్ కొట్టు.’

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల్లోంచి కొంచెం పోవడం మామూలే. ఏటా కొట్టించాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకేజీ ఉంది. ఆ దారినే ఆయిలూ పోతుంది.

నా బాధంతా ఈ ఆయిల్ గురించే. ఇంజిన్ ఆయిల్‌కు పుల్ల తీసి చూసుకుంటాం. ఏసీకి ఆ వీలు లేదు. చిన్న కార్లలో ఉండేదే సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు. అది గ్యాస్‌తో కలిసి కండెన్సర్, కూలింగ్ కాయిల్ చుట్టి మళ్లీ కంప్రెషర్‌కు చేరాలి. గ్యాస్ తగ్గితే ఆయిల్ సరిగా వెనక్కి రాదు. కంప్రెషర్ ఎండిపోయి, లోహం లోహాన్ని రాసుకుని, చివరికి జామ్ అవుతుంది. ఆ రజను కండెన్సర్‌లోకి పోతే దాన్నీ మార్చాల్సిందే.

కొత్తపేటలో నేను చూసిన ఒక మెకానిక్ పని నాకెంతో నచ్చింది. గేజ్ తగిలించకముందే టార్చి వేసి గొట్టాల అతుకులన్నీ చూశాడు. ఒకచోట దుమ్ము జిడ్డుగా పేరుకుంది. లీకేజీ అక్కడే. ఇంకో కారులో కంప్రెషర్ మారుస్తూ పాతదాంట్లోంచి ఆయిల్ కొలత గ్లాసులోకి వంచి, రంగు చూసి, ఆ లెక్క ప్రకారమే కొత్తదాంట్లో ఉంచాడు. ఎక్కువైతే గొట్టాల లోపల పొరలా పట్టి కూలింగ్‌నే తగ్గిస్తుంది.

ఏ ఆయిల్ అన్నదీ ముఖ్యమే. ఆర్-12 అనే గ్యాస్ వాడిన పాత కార్లలో మినరల్ ఆయిల్ ఉండేది. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో ఆ గ్యాస్ పోయి ఆర్-134ఏ వచ్చింది. ఈ కొత్త గ్యాస్‌తో మినరల్ ఆయిల్ కలవదు. అందుకే పీఏజీ అనే ఆయిల్ వచ్చింది. అందులోనూ 46, 100, 150 అని చిక్కదనాలున్నాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల కరెంటు కంప్రెషర్లకు సాధారణంగా పీఓఈ రకం వాడతారు. వాటిలో పీఏజీ పడితే ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు లీకయ్యే ప్రమాదముంది. అన్ని కార్లకూ ఒకే డబ్బా వాడే షాపులో నేను బండి ఇవ్వను.

పీఏజీ గాలిలోని తేమను ఇట్టే పీల్చేస్తుంది. మూత తీసి వదిలేసిన డబ్బా పనికిరాదు. లోపలికి చేరిన తేమ ఆమ్లాలు పుట్టించి భాగాలను తినేస్తుంది. గ్యాస్ నింపే ముందు కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టేది అందుకే. మే నెల రద్దీలో ఆ అరగంటకే కోత పడుతుంది. తప్పు మెకానిక్‌దే అనలేను, తొందరపెట్టేది మనమే.

చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి, కంప్రెషర్ షాఫ్ట్ సీల్ ఆయిల్‌తో తడిగా ఉంటుంది. గ్యాస్ కొట్టించినప్పుడు బిల్లులో నాలుగు విషయాలు రాయించుకోండి: లీకేజీ ఎక్కడ, గ్యాస్ ఎన్ని గ్రాములు, ఆయిల్ ఏ రకం, ఎంత పోశారు. గ్యాస్ కొలత మీ కారు బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది, సరిచూసుకోవచ్చు.